జపాను జారుడు విద్య సముద్రము దాటుట ఎందులకు?

మోటారు కారు నడపుట నేర్చుకొను వానికి గురువు మొట్టమొదట చెప్పు మాట, బండిని జారనీయవద్దని. టైరు నేలను పట్టుకొని యున్నంత వరకే బండి మన మాట వినును. పట్టు విడిచిన క్షణమున అది యెవరి మాటయు వినదు. అట్టి పట్టును కోరి విడిపించి, బండిని ప్రక్కవాటుగా జార్చుచు, ఆ జారుడును తన అదుపులో నుంచుకొని మలుపు దాటించుటను ఒక విద్యగాను, పిమ్మట ఒక పోటీగాను, కడకు ఒక వర్తకముగాను పెంచిన దేశము జపాను. దీనికి డ్రిఫ్ట్ అని పేరు. మాట ఇంగ్లీషుదే. జపానువారు దానిని ‘దొరిఫుతో’ అని తమ నోటికి తగినట్లు మలచుకొని, తమ సరకుగా మరల ఇంగ్లీషు దేశములకే ఎగుమతి చేసిరి. పుట్టినింట ఇంత పేరు గన్న ఈ విద్య మెట్టినింటి కొరకు ఇంతగా ఏల వెదకుకొనుచున్నదను విషయమును ఇచ్చట విచారింతము.

వానకాలపు బురదదారిలో బరువెక్కిన ఎడ్లబండి వెనుక భాగము ప్రక్కకు జారుట చూచిన వారు మనలో పెక్కుమంది. ఎద్దులు ఒక వైపునకు లాగుచుండ బండి మరియొక వైపునకు కొట్టుకొనిపోవును. కారులోను జరుగునది ఇంచుమించు అదియే. ఇంజను వెనుక చక్రములను త్రిప్పు కారు ఇందుకు తగినది. ముందు చక్రములను త్రిప్పు కారుతో ఈ విద్య చక్కగా సాగదు. చోదకుడు వేగముగా మలుపును సమీపించి, చేతిబ్రేకును ఒక్క క్షణము లాగియో, క్లచ్చును తన్ని విడిచియో, వెనుక టైర్ల పట్టును తెగగొట్టును. బండి తోక బయటకు విసరబడును. అప్పుడు మలుపు కుడివైపున కున్నను అతడు స్టీరింగును ఎడమకు త్రిప్పవలెను. బండి ముక్కు మలుపు లోపలికి చూచుచుండగా ముందు చక్రములు మాత్రము బండి నిజముగా పోవు దిక్కును చూచుచుండును. ఆక్సిలరేటరును కొంచెము అధికముగా త్రొక్కినచో బండి బొంగరమువలె తిరిగిపోవును. కొంచెము తగ్గించినచో టైర్లు మరల నేలను పట్టుకొని జారుడు ఆగిపోవును. ఈ రెండు తప్పుల నడుమ నున్న సన్నని త్రోవ మీద బండిని నిలుపుటయే నేర్పు. టైర్ల నుండి తెల్లని పొగ లేచును. ఆ కీచుధ్వని చాలదూరము వినబడును.

జపాను భూమిలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు కొండలు. ఊరికిని ఊరికిని నడుమ కనుమదారులు. వానిని ఆ భాషలో ‘తోగే’ అందురు. రాత్రివేళ నిర్మానుష్యమైన ఈ దారులలో కుర్రవాండ్రు కార్లతో పందెము లాడుట 1970 దశకము నాటికే వాడుకలో నుండెను. అదే కాలమున కునిమిత్సు తకహాషి అను చోదకుడు పందెపు బాటలలో మలుపులను జారుచు దాటి ప్రేక్షకులను ముగ్ధులను చేయుచుండెను. ఈయన మొదట మోటారుసైకిలు వీరుడు. 1961లో పశ్చిమ జర్మనీలో హోండా బండిపై 250 సి.సి. తరగతి గ్రాంప్రీని గెలిచి, అట్టి గెలుపు పొందిన తొలి జపానీయుడుగా చరిత్ర కెక్కెను. ఆయనను చూచి మోజుపడి, ఆ పద్ధతిని కొండదారులలో సాధన చేసిన వాడు కేయిచి త్సుచియా. 1956లో నగానో సీమలో జన్మించిన ఈయనకే తరువాత ‘డ్రిఫ్ట్ కింగ్’ అను బిరుదము వచ్చినది. 1987లో త్సుచియా కనుమదారిలో బండి జార్చుటను ‘ప్లస్పీ’ అను వీడియోగా తీసిరి. అది చేతులు మారి దేశమంతట వ్యాపించెను. దాని మూలమున ఆయన లైసెన్సును అధికారులు కొంతకాలము నిలిపివేసిరని చెప్పుదురు. 1995లో ఈ గురుశిష్యు లిరువురును మరియొక చోదకునితో కూడి ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెమున హోండా ఎన్.ఎస్.ఎక్స్. కారుతో తమ తరగతిలో ప్రథములైరి. వీథిలో అల్లరిగా ఎంచబడినది ఎంతటి నైపుణ్యమో లోకమునకు తెలియుటకు ఇంతకు మించిన నిదర్శన మక్కరలేదు.

అయినను ఒక సంగతి దాచరాదు. కొండదారి ఎవరి సొంతమును కాదు. ఎదుటి నుండి పాలబండి రావచ్చును, ముసలివాడు నడచి రావచ్చును. ఆ దారి ప్రక్క పల్లెలలో నిద్రపట్టని వారి కష్టము కూడ నిజమే. ప్రభుత్వమువారు మలుపులలో గట్లు, కమ్ములు, గంటు గీతలు ఏర్పరచి జారుడును ఆపజూచిరి. అపాయకరముగా బండి నడపి ప్రాణము తీయుటను ప్రత్యేక నేరముగా 2001లో చట్టము చేసిరి. గుంపుగా కూడి ప్రమాదకరముగా నడపు వారిపై 2004లో నిబంధనలను ఇంకను బిగించిరి. ఇవి అన్యాయములని మేము అనము. కాని వీని ఫలితముగా ఆ విద్యకు పుట్టిన చోట నిలువనీడ లేకపోయినది. ఇక అది పోగలిగిన స్థలము టిక్కెట్టు పెట్టి ప్రవేశించు పందెపు బాట ఒక్కటే.

ఆ బాటను చూపినవారు పత్రికలవారు. ‘ఆప్షన్’ అను కార్ల పత్రికకు సారథియైన దైజిరో ఇనాదా, త్సుచియాతో కలసి, 2000 సంవత్సరము అక్టోబరులో ఫుకుషిమా సీమలోని ఎబిసు సర్క్యూటులో నిపుణుల పోటీ నడపెను. 2001 నుండి అది డి1 గ్రాంప్రీ అను పోటీమాల అయినది. మొదటి సంవత్సరపు విజేత నొబుతేరు తనిగుచి. ఆయన నడపినది నిస్సాన్ సిల్వియా.

ఈ పోటీలో ఒక విశేషము కలదు. మన ప్రశ్నకు సమాధానములో సగము అందే యున్నదని మా అభిప్రాయము. సాధారణమైన కారు పందెములో గెలుపును గడియారము నిర్ణయించును. ముందు వచ్చినవాడే గెలిచినవాడు. చూచు వారు ఒక్కరు లేకున్నను పందెము పందెమే. డ్రిఫ్ట్ పోటీలో ఎవరును ముందు రానక్కరలేదు. బండి ఎంత కోణమున జారినది, ఏ గీత వెంట పోయినది, ఎంత వేగము నిలుపుకొన్నది, ఎంత ఒయ్యారముగా నుండినది అని న్యాయనిర్ణేతలు మార్కులు వేయుదురు. మొదట ఒంటరిగా, పిదప జంటగా నడపింతురు. జంటలో ముందువాడు జారుచు పోవ, వెనుకవాడు అతని తలుపునకు జానెడు దూరమున తానును జారుచు వెంబడింపవలెను. ఇది పరుగుపందెము కంటె నాట్యమునకు దగ్గరది. నాట్యమునకు సభ కావలెను. ప్రేక్షకుడు లేని డ్రిఫ్ట్ వట్టి టైర్ల ఖర్చు. కనుక ఈ విద్య బ్రతుకుట ప్రేక్షకుల సంఖ్యను బట్టి యుండును. (అన్నట్లు, రేడియోకు ఇంతగా ఒదుగని ఆట మరియొకటి లేదేమో! క్రికెట్టునకు వ్యాఖ్యానము చెప్పవచ్చును. కోణమును, పొగను మాటలలో ఎట్లు చూపగలము?)

ఆ ప్రేక్షకులు స్వదేశమున తరుగుచున్నారు. జపానులో 18 ఏండ్ల వయసు వచ్చినవారి సంఖ్య 1992లో 20 లక్షలు దాటి శిఖర మందుకొన్నది. ఇటీవలి కాలమున అది ఇంచుమించు 11 లక్షలకు దిగినది. కొత్త కార్ల అమ్మకము 1990లో 77 లక్షలకు పైగా నుండగా, 2020 దశకమున 50 లక్షలకు లోపుననే యున్నది. ‘కురుమా బనరె’ అని అచ్చట ఒక మాట పుట్టినది. యువకులు కారునకు దూరమగుట అని దాని అర్థము. టోక్యో వంటి నగరమున కారు నిలుపు చోటు దొరకునని రుజువు చూపనిదే కారు కొననీయరు. రెండేండ్ల కొకసారి తనిఖీ, దాని ఖర్చు, పన్నులు, భీమా వేరు. రైలున్నది, చేతిలో టెలిఫోను ఉన్నది. ఇరువది ఏండ్ల కుర్రవాడు ఆలోచించి కారు వద్దనుకొన్నచో అతనిని తప్పుపట్టుట ఎట్లు?

డ్రిఫ్ట్ మొదట ధనవంతుల వినోదము కాదు. అది పాతకార్ల బిడ్డ. 1983 నుండి 1987 వరకు తయారైన టొయోటా ఎ.ఇ.86 అను చిన్న బండి, 1988లో వచ్చిన సిల్వియా, ఇవి చేతులు మారి చౌకయైన పిదప దుకాణపు గుమాస్తాయు, మెకానిక్కును కొనగలిగిరి. తమ చేతులతోనే విప్పి, బిగించి, విరుగగొట్టుకొని, మరల అతుకుకొనిరి. 2002లో సిల్వియా తయారీ నిలిచిపోయినది. వెనుక చక్రముల చౌకబండి అంగడిలో అరుదైనది. 2012లో టొయోటా కంపెనీవారు ‘86’ అని పాత బండి పేరునే తలపించునట్లు కొత్త కారును విడుదల చేసిరి. కాని కొత్త కారు వెల పాత కారు వెల కాదు గదా!

ఇక వర్తకుల మాట. ఈ ఆట చుట్టును టర్బోలు, స్ప్రింగులు, క్లచ్చులు, టైర్లు చేయు కార్ఖానాలు పెరిగినవి. ఫుజి పర్వతపు పాదమున 1973లో వెలసిన హెచ్.కె.ఎస్. వానిలో పేరెన్నిక గన్నది. తనిగుచి గెలిచిన బండి దానిదే. పోటీలో కారు రెండు మూడు పరుగులు తీయునప్పటికి వెనుక టైర్లు రెండును అరిగి పారవేయవలసి వచ్చును. టైర్లు అమ్ము వానికి ఇంతకంటె మంచి ఆట యేది? కాని స్వదేశమున కొనువారు తగ్గిరి. గ్రెడ్డీ అను ముద్రతో లోకమునకు తెలిసిన ట్రస్ట్ కంపెనీ 2008లో అప్పుల భారముచే కోర్టు నాశ్రయింపవలసి వచ్చినది. ఆ పాటికే దాని పేరు కాలిఫోర్నియాలో ఇంటింటి మాట. ఇట్టి స్థితిలో విదేశీ విపణి వారికి ఆశ మాత్రమే కాదు, ఊపిరి. వారి పోటీలకు పోషకులు ఈ కార్ఖానాలే కనుక, పోషకుడు చూచు దిక్కునకే ఆటయు తిరిగినది.

సముద్రమునకు ఆవల నేల ముందే దున్ని యుండుట వారి అదృష్టము. సిల్వియా కారు తోబుట్టువును నిస్సాన్ వారు అమెరికాలో 240 ఎస్.ఎక్స్. అను పేర 1990 దశకమున అమ్మిరి. ఒడలు ఒకటే, ఇంజను మాత్రము వేరు, టర్బో లేనిది. అచ్చటి కుర్రవాండ్రు జపాను నుండి అసలు ఇంజనును ఓడలో తెప్పించుకొని తమ బండిలో బిగించుకొనుట మొదలిడిరి. వారి మనసులను బొమ్మలు దున్నినవి. షుయిచి షిగెనో 1995లో ప్రారంభించి 2013 వరకు సాగించిన ‘ఇనిషియల్ డి’ అను బొమ్మల కథలో నాయకుడు తోఫు అమ్మువాని కొడుకు. తెల్లవారుజామున కొండమీది హోటళ్లకు సోయా జున్ను చేరవేయుచు, పాత ఎ.ఇ.86తో మలుపుల మర్మము గ్రహించును. ఈ కథ 1998లో టెలివిజనునకు, 2005లో హాంగ్‌కాంగ్ సినిమాకు ఎక్కినది. 1997 నుండి గ్రాన్ టురిస్మో అను వీడియో ఆట జపాను కార్లను పేరుపేరున లోకపు పిల్లలకు పరిచయము చేసినది. జపానును ఎన్నడును చూడని బాలుడు సైతము సిల్వియాకును స్కైలైనుకును భేదము చెప్పగలిగెను. 2006లో హాలీవుడ్ ‘టోక్యో డ్రిఫ్ట్’ అను చిత్రము తీసెను. దానిలో త్సుచియా చేపలు పట్టువాని వేషమున క్షణకాలము కనబడును. చిత్రీకరణలో అధిక భాగము లాస్ ఏంజలెస్ ప్రాంతముననే జరిగినదన్నది వేరు విషయము. సరకు కంటె ముందు దాని కథ ఓడ దిగుట వర్తకమున మిక్కిలి అనుకూలించు సంగతి.

డి1 వారు 2003లో కాలిఫోర్నియాలోని అర్విండేల్ పందెపు బాటపై తమ ప్రదర్శన నిచ్చిరి. జనము విరగబడి వచ్చెను. 2005లో ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లోను కనబడిరి. అయితే విత్తినవాడే కోయునను నియమము లేదు. అమెరికాలో ఇరువురు వర్తకప్రచారకులు 2003లో ఫార్ములా డ్రిఫ్ట్ అను సంస్థను స్థాపించి, 2004లో తమ పోటీమాలను ఆరంభించిరి. డి1 కొన్ని సంవత్సరములు అచ్చట పోటీలు నడపి వెనుదిరిగినది. నిలిచినది ఫార్ములా డ్రిఫ్ట్. దాని మొదటి సంవత్సరపు విజేత స్వీడను దేశీయుడు, నడపినది డాడ్జ్ వైపర్ అను అమెరికా కారు. 2004 నుండి 2024 వరకు 21 సంవత్సరములలో ఆ పట్టమును గెలిచిన జపానీయులు ఇరువురే: 2011లో దాయిజిరో యోషిహారా, 2012లో దైగో సైతో. ఐర్లండు వాడైన జేమ్స్ డీన్ ఒక్కడే ఆ కాలమున నాలుగుసార్లు గెలిచెను. మరియు 2015 నాటికి అమెరికా సంస్థ ముద్రతోనే ఫార్ములా డ్రిఫ్ట్ జపాన్ అను పోటీమాల జపాను గడ్డపై నడువనారంభించినది. కూతురు పుట్టింటికి వచ్చి ఇంటి తాళపుచెవులు అడిగినట్లున్నది ఈ వరుస.

జపానువారికి ఈ అనుభవము కొత్తది కాదు. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో జూడోను తొలిసారి చేర్చినప్పుడు, బరువు నియమము లేని తరగతిలో డచ్చివాడైన ఆంటన్ గీసింక్, బుడోకాన్ మందిరమున స్వదేశీయుల కన్నుల ఎదుటనే అకియో కమినగను ఓడించెను. ఆ దినమున కంట తడి పెట్టినవారు అనేకులు. కాని జూడో లోకవిద్య అయినది ఆ ఓటమి తరువాతనే. నేటికిని ఏ దేశపు న్యాయనిర్ణేతయైనను గెలుపును ‘ఇప్పోన్’ అనియే ప్రకటించును. డ్రిఫ్టునకు ఈ పాటి రక్షణ కూడ లేదు. దాని పరిభాష మొదటినుండియు ఇంగ్లీషే గనుక, పరదేశమున పెరిగిన పిల్ల తన మాతృభాషను మరచుటకు ఎక్కువ కాలము పట్టలేదు. కార్ల సంగతియు అంతే. ఒడలు సిల్వియాదే యైనను లోపల అమెరికా వారి ఎనిమిది సిలిండర్ల ఇంజను బిగించుట అచ్చట వాడుక యైనది.

జపాను పక్షమున చెప్పవలసినదియు కలదు. 2016లో మసాతో కవబతా అరబ్బు ఎమిరేట్లలో ఒకటైన ఫుజైరాలో, విమానములు దిగు బాటపై, గంటకు 304.96 కిలోమీటర్ల వేగమున నిస్సాన్ జి.టి.ఆర్.ను జార్చి గిన్నిస్ గ్రంథమున చేరెను. అంతర్జాతీయ మోటారు సమాఖ్య ఎఫ్.ఐ.ఏ. తన తొలి ఖండాంతర డ్రిఫ్ట్ కప్పును 2017లో నిర్వహించుటకు ఎంచుకొన్నది టోక్యోలోని ఒదైబా. గెలిచినవాడు కవబతా. మరుసటి యేడు అదే చోట రష్యా చోదకుడు గెలిచెను. లోకపు ముద్ర పడనిదే స్వదేశపు పెద్దలు ఈ ఆటను గౌరవింపరను ఆలోచన కూడ ఈ విదేశయాత్రల వెనుక కలదని మాకు తోచుచున్నది. కొండదారి దొంగాటగా పుట్టినదానికి పరదేశపు పతకము పెద్దమనిషి తనమును తెచ్చి పెట్టును. మన సంగీత విద్వాంసులకు సైతము పొరుగూరి సన్మానము తరువాతనే సొంత ఊరిలో పందిరి పడుట మనము ఎరుగనిదా?

యాత్ర ఎదురు దిక్కునను సాగుచున్నది. ఎబిసు సర్క్యూటు ఒక కొండ మీద నున్నది. దాని ప్రక్కనే తోహోకు సఫారీ పార్కు అను జంతుప్రదర్శనశాల. ఒక వైపు సింహములు, మరియొక వైపు టైర్ల కేకలు. అచ్చట జరుగు ‘డ్రిఫ్ట్ మత్సూరి’ అను జాతరలకు ఆస్ట్రేలియా, ఐరోపా, అమెరికా దేశముల నుండి కుర్రవాండ్రు వచ్చి, పాత కారును కొనియో అద్దెకు తీసికొనియో పగలు రాత్రి తేడా లేక జార్చుదురు. 2021 ఫిబ్రవరి 13వ తేదీ భూకంపమునకు ఆ కొండచరియ విరిగి బాటను కప్పివేసినది. కరోనా కారణమున విదేశీయుల రాకయు ఆ కాలముననే నిలిచిపోయి యుండెను. ఆ బాటను మరల తీర్చిదిద్దుకొనిరి. జపాను వారి సంఖ్య తగ్గిన లోటును ఈ అతిథులు కొంత పూడ్చుచున్నారు. అక్కడి కొండగాలికి ఇప్పుడు పది భాషలు పరిచితములు.

కాని ఈ ఆదరణకు వెల కలదు. ఆ వెలను చెల్లించువాడు జపాను కుర్రవాడు. అమెరికాలో 1988లో చేసిన చట్టము ననుసరించి, అక్కడి భద్రతా నియమములకు లోబడని విదేశీ కారు తయారై 25 ఏండ్లు నిండిన పిదపనే దేశములోనికి స్వేచ్ఛగా రావచ్చును. 1989 నాటి నిస్సాన్ స్కైలైన్ జి.టి.ఆర్.కు 2014లో ఆ గడువు తీరినది. అప్పటినుండి జపాను వేలములలో అమెరికా డాలరు కూర్చున్నది. ఒకప్పుడు నెలజీతముతో కొనదగిన పాతబండి నేడు సొగసైన పెట్టెలో దాచుకొను ఆభరణమైనది. విరుగగొట్టుకొనుచు నేర్చుకొనుటకు చౌకబండి లేనిచోట ఈ విద్య కొత్తవానికి అబ్బుట దుర్లభము. విదేశములలో గెలుపు కోరి పంపిన కథలు, బొమ్మలు, సినిమాలు ఇంటిలోని పనిముట్లనే ఊడ్చుకొనిపోవుట విచిత్రమైన పరిణామము. దీనికి ప్రతిక్రియ ఏమో ఎవరును చెప్పుట లేదు. ఎగుమతిదారుని ఆపుమనలేరు, అమ్ముకొను పాతయజమానిని కాదనలేరు.

సిల్వియా వంశములో కడపటిదగు ఎస్.15 కారు 1999లో వచ్చినది. మొదటి బండ్లకు 2024లోనే అమెరికా ద్వారము తెరచుకొన్నది. 2002లో కార్ఖానా దాటిన కడపటి బండ్లకు ఆ గడువు 2027లో తీరును.